ఫస్టు గ్రేడు మదర్‌బోర్డు

గోగులలంకలో కొబ్బరికాయ ఎంతుందో చూసేవాడికి కనబడుతూనే ఉంటుంది. అయినా ప్రభుత్వం నమ్మదు. నమ్మడానికి ఓ కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వడానికి సంతరోడ్డులో పెంకుల కప్పు కింద ఒక ఆఫీసు ఉంది. దాని పేరు కొబ్బరి పరిమాణ ధ్రువీకరణ ఉపకార్యాలయం. బోర్డు మీద పేరు పట్టక చివరి మూడక్షరాలు గోడ మీద రాశారు.

లంకల్లోంచి బయటికి పోయే ప్రతి కొబ్బరి లారీ ఆ ఆఫీసు ముందు ఆగాల్సిందే. లారీలోంచి పది కాయలు దింపుతారు. నడుం చుట్టూ టేపు పెట్టి కొలుస్తారు. త్రాసులో వేసి తూస్తారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లు చప్పుడైతే పచ్చికాయ అనీ, కాకపోతే కురిడీ అనీ తేలుస్తారు. ఆ వివరమంతా కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీసి, ఆఫీసరు గారు సంతకం పెట్టి ఇస్తేనే లారీ కదలాలి. చేత్తో రాసిన కాగితం చెల్లదు. ఆధునికీకరణ జరిగిపోయింది కదా మరి.

ఆ కొట్టేదీ, ప్రింటు తీసేదీ నూకరత్నం. తొమ్మిదేళ్లుగా అవుట్‌సోర్సింగు ఆపరేటరు. ఆఫీసులో ఉన్నది ఒకటే కంప్యూటరు, ఒకటే ఆపరేటరు. కంప్యూటరు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చినట్టే ఉంటుంది ఆవిడ. మొగుడు రొయ్యల చెరువు దగ్గర కాపలా. చెరువులో రొయ్య బతికిన ఏడాది జీతం, చచ్చిన ఏడాది సారీ. కాబట్టి ఇల్లు నడిచేది ఈవిడ ఉద్యోగం మీదే. ఆ ఉద్యోగానికి ఓ ఉత్తర్వు ఆధారం. "పనిచేసే ఒక్కో కంప్యూటరుకు ఒక్కో ఆపరేటరు చొప్పున" అని అందులో ఉంది. అందుకని నూకరత్నం కంప్యూటరు మీద రోజూ దుమ్ము తుడిచేది, వానొస్తే ముందు దాని మీద గోనె కప్పి తరవాత తన గొడుగు వెతుక్కునేది. తొమ్మిదేళ్లలో దాన్ని విప్పి బిగించడం కూడా నేర్చేసుకుంది.

నాలుగో తారీకు ఉదయం పదింటికి కంప్యూటరు ఆన్ కాలేదు.

నూకరత్నం స్క్రూడ్రైవరు తీసుకుని డబ్బా పక్క రేకు విప్పింది. లోపల మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటివి రెండు పొంగి, మూతులు విడిచి, గోధుమ రంగు జిగురు కక్కి ఉన్నాయి. మిగతా సామాను శుభ్రంగా ఉంది. ఆవిడకి సంగతి అర్థమైంది. లేచి సూపరింటెండెంటు పుల్లంరాజు గారి బల్ల దగ్గరికెళ్లింది.

"మదర్‌బోర్డు పోయిందండి. కొత్తది వేసుకుంటే చాలు, మిగతావన్నీ బానే ఉన్నాయండి. ఎదురుగా జిలానీ కొట్లో దొరుకుద్దండి."

పుల్లంరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారంటే నిబంధన రాబోతోందని అర్థం.

"దొరుకుతుందమ్మా, దొరక్కేం! కానీ మూడు కొటేషన్లు లేకుండా నా సర్వీసులో ఈ ఆఫీసుకి గుండుసూది కూడా కొనలేదు. నువ్వు ముందు కంప్యూటరు పనిచేయుట లేదని ఓ అర్జీ పెట్టు, నేను ఫైలు ఓపెన్ చేస్తాను."

అర్జీ పెట్టింది. ఫైలు ఓపెనైంది. ఫైలు ఓపెనైనంత మాత్రాన లారీలు కదలవు గదా. మధ్యాహ్నానికి సంతరోడ్డు మీద పద్నాలుగు లారీలు నిలబడిపోయి హారన్లు కొడుతున్నాయి. ఆఫీసరు విశ్వంభరరావు గారు గదిలోంచి బయటికొచ్చారు. ఆయనకి పదవీ విరమణ రెండేళ్లలో ఉంది. ఆ రెండేళ్లలో ఏదీ తనకి తెలియకుండా ఉంటే చాలన్నది ఆయన కోరిక.

"అమ్మా నూకరత్నం, సాయంత్రానికి లారీలు వెళ్లిపోవాలి. ఎలా చేస్తావో నాకు చెప్పకు. తెలియకుండా ఉంటేనే నాకు క్షేమం."

నూకరత్నం రోడ్డు దాటి జిలానీ కొట్లోకి వెళ్లింది. జిలానీ పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు, కొత్తవి బిగిస్తాడు, ఖాళీ ఉంటే ఫ్యాన్లు కూడా చుడతాడు. ఆవిడని చెల్లెమ్మా అంటాడు.

"ఏ బోర్డు తీసుకోమంటావు అన్నయ్యా? అయిదారు రకాలున్నాయి గదా."

"దానికి పెద్ద చదువక్కర్లేదు చెల్లెమ్మా," అన్నాడు జిలానీ. "నీ ప్రాసెసరు ఏంటో చూసుకో. అది కూర్చునే సాకెట్టున్న బోర్డే కావాలి, వేరేది బంగారంతో చేసినా కూర్చోదు. నీ దగ్గరున్న ర్యామ్ దానికి పట్టాలి. నీ డబ్బాలో అది ఇమడాలి. ఈ మూడూ కుదిరినవాటిలో చవకది తీసుకో. లైట్లు వెలిగేవీ, నాలుగేసి ర్యామ్ గళ్లుండేవీ ఆటలాడుకునే వాళ్లకి. కాయల కాగితాలు కొట్టుకోడానికి రెండు గళ్లు చాలవా? నీ డబ్బులు మిగుల్తాయి."

చిన్న బోర్డొకటి తీసి ఇచ్చాడు. అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే ఎంతో అంతే ఉంది. మూడు వేల రెండొందలు.

"బిల్లు ఎవరి పేరు మీద రాయమంటావు?"

"ఆఫీసు పేరు రాస్తే కొటేషన్లేవీ అంటారు. నా పేరే రాసెయ్ అన్నయ్యా. తరవాత ఇప్పిస్తార్లే."

మూడింటికి బోర్డు బిగించింది. ఆరు స్క్రూలు. మూడుంపావుకి కంప్యూటరు ఆన్ అయింది. అయిదున్నరకి పద్నాలుగో లారీ కదిలింది. చివరి డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "మీరు సల్లగుండాలండి!" అని దండం పెట్టాడు. నూకరత్నానికి ఆ పూట నిజంగా గర్వమేసింది. చెప్పుకోడానికి మొగుడికి ఫోను కూడా చేసింది.

మర్నాడు పుల్లంరాజు గారి దగ్గరికెళ్లి, "బాగైపోయిందండి, ఇంక ఆ ఫైలు మూసెయ్యొచ్చండి," అంది.

పుల్లంరాజు గారు కళ్లజోడు తీశారు.

"బాగవడం వేరు, ఫైలు మూయడం వేరమ్మా. మదర్‌బోర్డు లేదని ఓపెన్ చేసిన ఫైలు మదర్‌బోర్డు కొంటేనే మూయాలి. నువ్వేదో వేశావంటావు, అది స్టాకు రిజిస్టర్లో లేదు. రిజిస్టర్లో లేనిది ఈ ఆఫీసులో లేనట్టే. లేనిదాంతో కంప్యూటరు ఎలా పనిచేస్తుంది చెప్పు?"

"పని చేస్తందండి. అదిగో."

ఆయన అటు చూడలేదు. చూస్తే చూసినట్టు రాయాల్సి వస్తుంది.

సరిగ్గా ఆ వారమే జిల్లా నుంచి ఓ సర్క్యులరు ఊడిపడింది. ఈ నెలంతా పొదుపు మాసోత్సవం. ప్రతి కార్యాలయమూ తాను కొను వస్తువులలో ఎంత పొదుపు చేసినదీ తెలియజేయవలెను. అత్యంత పొదుపరి కార్యాలయమునకు ప్రశంసాపత్రము ఇవ్వబడును. రాగానే ఆఫీసుల్లో పొదుపు గాలి వీచింది. పక్క ఆఫీసు వాళ్లు ఫ్యాన్లు తీసి అటకెక్కించారని తెలిసింది. ఇంకో ఆఫీసు వాళ్లు కుర్చీలు మానేసి చాపలు వేసుకున్నారట. విశ్వంభరరావు గారి గుండెల్లో రాయి పడింది. తమ ఆఫీసు కొనబోయే వస్తువు ఒకటే ఉంది, అది మదర్‌బోర్డు.

వెంటనే ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు విశ్వంభరరావు గారు. సభ్య కార్యదర్శి పుల్లంరాజు గారు. సాంకేతిక సభ్యులు కామేశం గారు. కామేశం గారు గ్రేడింగు ఇన్‌స్పెక్టరు. ఇరవయ్యారేళ్లుగా కొబ్బరికాయ ఊపి చెవిదగ్గర పెట్టుకుని వింటున్నాడు. కుడిచెవి లంకలన్నిటా ప్రసిద్ధి. ఆ చెవిలో దూది పెట్టుకుని తిరుగుతాడు, పనికిమాలిన చప్పుళ్లు పడితే పదును తగ్గుతుందని.

మొదటి సమావేశం నిర్ణయాలు నూకరత్నం టైపు చేసింది. "ఈ కార్యాలయ కంప్యూటరు పనిచేయుట లేనందున" అన్న వాక్యం దగ్గర ఆవిడ వేళ్లు కాసేపు ఆగాయి. తరవాత అలాగే టైపు చేసేసింది. ప్రింటు తీసి ఇస్తే పుల్లంరాజు గారు అక్షరాలు చూసి మెచ్చుకున్నారు. "ప్రింటు ముత్యాల్లా వచ్చిందమ్మా."

రెండో సమావేశానికి నమూనాలు కావాలి. నిబంధన ప్రకారం కనీసం అయిదు నమూనాలుండాలి. జిలానీ దగ్గర ఆ పూట ఉన్నవి మూడే.

"మూడే ఉన్నాయండి," అన్నాడు జిలానీ.

"అయిదు లేకపోతే సమావేశం చెల్లదయ్యా. లెక్క కోసం ఏదో ఒకటి పట్రా," అన్నారు పుల్లంరాజు గారు.

జిలానీ వెనకగదిలో తుక్కు బస్తాలోంచి రెండు చచ్చిన బోర్డులు తీసి తెచ్చాడు. అందులో ఒకటి ఎప్పటిదో పెద్ద కంపెనీ మిషనుది. పెద్ద ఇత్తడి పళ్లెమంత ఉంది. మధ్యలో అల్యూమినియం దిమ్మె. మొయ్యడానికి రెండు చేతులూ కావాలి.

అయిదు బోర్డులూ బల్ల మీద పరిచారు. విశ్వంభరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"సంఘ సభ్యులారా, మన శాఖకు మదర్‌బోర్డు ఎంపిక కొరకు ప్రత్యేక మార్గదర్శకాలు జారీ కాలేదు. ప్రత్యేక మార్గదర్శకాలు లేని సందర్భమున శాఖలో అమలులో ఉన్న సాధారణ మార్గదర్శకాలనే వర్తింపజేయవలెనని ఆరవ నిబంధన. మన శాఖలో అమలులో ఉన్నవి ఏవి?"

"చుట్టుకొలత, బరువు, చప్పుడు," అన్నారు పుల్లంరాజు గారు.

"కామేశం గారూ, ప్రారంభించండి."

కామేశం గారు టేపు తీశాడు. ఒక్కో బోర్డు చుట్టూ టేపు పెట్టి కొలిచాడు. పుల్లంరాజు గారు రాసుకున్నారు. తరవాత కాయలు తూసే త్రాసు తెప్పించి ఒక్కో బోర్డూ తూశారు. మూడు బోర్డులు కాయంత బరువు కూడా తూగలేదు. తుక్కు బస్తాలోంచి వచ్చిన పెద్ద బోర్డు వేసేసరికి త్రాసు దిగిపోయి బల్లని కొట్టుకుంది. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు.

ఇక అసలు పరీక్ష. కామేశం గారు కుడిచెవిలో దూది తీశాడు. గదిలో ఫ్యాను ఆపించారు. ఒక్కో బోర్డూ రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, చెవి దగ్గర మూడుసార్లు ఊపాడు. మొదటి నాలుగింటికీ ఏమీ లేదు. అయిదోది, ఆ పెద్ద బోర్డు, ఊపినప్పుడు దిమ్మె కింద ఏదో ఊడిన స్క్రూ గలగలమంది.

కామేశం గారి మొహం వెలిగిపోయింది. "ఇందులో ఉందండీ!"

"ఏముంది?" అన్నారు ఆఫీసరు గారు ఆత్రంగా.

"ఏముందో చెప్పలేనండి గానీ, ఉందండి. ఆ నాలుగూ ఒట్టి కురిడీలండి. ఇది మట్టుకు నిండుకాయండి."

కంప్యూటరు ముందు కూర్చుని నిర్ణయాలు కొడుతున్న నూకరత్నం ఇంక ఉండలేకపోయింది.

"అయ్యగారూ, మదర్‌బోర్డు ఎంతుందన్నది కాదండి. మన ప్రాసెసరు దాంట్లో కూర్చోవాలండి. మన ర్యామ్ పట్టాలండి. ఆ పెద్దదాంట్లో మనదేదీ కూర్చోదండి."

విశ్వంభరరావు గారు ఆవిడ వేపు ఎంతో దయగా చూశారు.

"అమ్మా, నువ్వు సంఘ సభ్యురాలివి కావు. నీ అభిప్రాయం నమోదు చేసే వీలు లేదు. నువ్వు మా అభిప్రాయాలు నమోదు చెయ్యి."

జిలానీ చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యా, నేను చెప్పేస్తానండి. అది తుక్కులోదండి. చచ్చిపోయి నాలుగేళ్లయిందండి. లెక్క కోసం పట్టుకురమ్మంటే పట్టుకొచ్చానండి."

పుల్లంరాజు గారు నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశారు.

"వస్తువు బతికి ఉండవలెనని ఎక్కడా లేదండి," అన్నారు చివరికి.

"ధర ఎంత?" అన్నారు విశ్వంభరరావు గారు.

"తుక్కు ధరండి. రెండొందల యాభై."

ఆ మాటతో సంఘంలో ఆనందం పొంగి పొర్లింది. చుట్టుకొలతలో ప్రథమం, బరువులో ప్రథమం, చప్పుడున్నది అదొక్కటే, పైగా ధర అన్నిటికన్నా తక్కువ! ఇంత చక్కగా అన్నీ కలిసొచ్చిన వస్తువు తన సర్వీసులో చూడలేదన్నారు పుల్లంరాజు గారు. ఆ బోర్డుకి ఏకగ్రీవంగా ఫస్టు గ్రేడు ఇచ్చారు. కామేశం గారు అలవాటు చొప్పున దాని అంచు మీద పసుపుపచ్చ ముద్ర కొట్టాడు.

ఒక్క చిక్కొచ్చింది. బోర్డు పెద్దది, కంప్యూటరు డబ్బా చిన్నది. టేపు పెట్టి చూస్తే నాలుగు వేళ్లు ఎక్కువుంది. నూకరత్నం ఆశగా చూసింది, ఇప్పుడైనా ఆపుతారేమోనని. పుల్లంరాజు గారు మళ్లీ పుస్తకం తీశారు. కాయ నిర్ణీత పరిమాణం మించినచో పీచు తొలగించి సరిచేయవచ్చునని పదకొండో నిబంధన.

కాయలు వలిచే సింహాద్రిని పిలిపించారు. సింహాద్రి కత్తి చంకలో పెట్టుకుని వచ్చి బోర్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటండి బాబూ? దీనికి పీచెక్కడుందండి?"

"పీచు సంగతి నీకెందుకురా? ఈ గీత దాకా కొట్టెయ్," అన్నాడు కామేశం.

సింహాద్రి కొట్టాడు. పచ్చ ముక్కలూ రాగి తీగలూ గచ్చు మీద చెదిరాయి. మూడు దెబ్బలకి బోర్డు కొలతకి సరిపోయింది. సింహాద్రి కత్తి పదును పోయిందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రాలిన ముక్కల్ని పుల్లంరాజు గారు పొట్లం కట్టించి, "ఉపఉత్పత్తులు" అని రాసి బీరువాలో పెట్టించారు. బోర్డుని నమూనా కాయలుండే అద్దాల బీరువాలో, ఈ ఏటి అతిపెద్ద కాయ పక్కన నిలబెట్టారు. బిగించడానికి వేరే సంఘం వేయాలి గనక ప్రస్తుతానికి అక్కడే ఉంటుందన్నారు.

జిల్లాకి నివేదిక వెళ్లింది. మూడు వేలకి పైగా ఖర్చయ్యే మదర్‌బోర్డును సదరు కార్యాలయము రెండువందల యాభై రూపాయలకే సేకరించినదని. అదీ నూకరత్నమే కొట్టింది. వారం తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది. విశ్వంభరరావు గారు దాన్ని పటం కట్టించారు. ఆ పటం కట్టించడానికి అయిన ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రశంసాపత్రంతోపాటు చిన్న చీటీ కూడా వచ్చింది. మాసాంతములోగా మరియొక పొదుపు చూపినచో రాష్ట్రస్థాయికి సిఫార్సు చేయబడునని.

ఈ గొడవంతటిలోనూ నూకరత్నం ఆ చిన్న బోర్డు మీద సర్టిఫికెట్లు కొడుతూనే ఉంది. ఒక్క లారీ ఆగలేదు. మూడు వేల రెండొందలు ఇప్పించమని అడగడం కూడా మానేసింది. ఈ హడావిడి దాటిపోతే చాలనుకుంది.

ముప్పయ్యో తారీకున కార్యాలయ పరికరముల స్థితి నివేదిక పంపాలి. పుల్లంరాజు గారు ఆవిడని పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటేనే నూకరత్నానికి అనుమానమొచ్చింది. తొమ్మిదేళ్లలో ఆయన ఒక్కసారీ కూర్చోమనలేదు.

"ఇదిగో అమ్మాయ్, ఈ గడిలో కంప్యూటరు పనిచేయుచున్నదా లేదా అని రాయాలి. ఏం రాయమంటావు?"

"చేస్తందని రాయండి. అదేగా నిజం."

"పనిచేస్తోందని రాస్తే, మరి మదర్‌బోర్డు ఎందుకు కొన్నారంటారు. అవసరం లేని వస్తువు కొన్నట్టు. ప్రశంసాపత్రం వెనక్కి పోతుంది. అంచేత పనిచేయుట లేదనే రాయాలి."

"అలాగే రాసుకోండి. నాకేటి?"

పుల్లంరాజు గారు కళ్లజోడు తీశారు. ఈసారి చాలాసేపు తుడుచుకున్నారు.

"పనిచేసే ఒక్కో కంప్యూటరుకు ఒక్కో ఆపరేటరమ్మా."

అప్పటికి గానీ నూకరత్నానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి తిన్నగా ఆఫీసరు గారి గదిలోకి వెళ్లింది. చేతిలో సర్టిఫికెట్ల రిజిస్టరు ఉంది.

"అయ్యగారూ, ఈ నెల ఆరొందల పన్నెండు సర్టిఫికెట్లు కొట్టానండి. అన్నిటి మీదా తమరి సంతకాలున్నాయండి. కంప్యూటరు పనిచేయకపోతే ఇవెక్కణ్నుంచి వచ్చాయండి?"

విశ్వంభరరావు గారు రిజిస్టరు తిరగేసి, తన సంతకాలు తనే చూసుకుని, మూసేశారు.

"కొట్టావని రికార్డు ఉందమ్మా. ఏ కంప్యూటరు మీద కొట్టావో రికార్డు లేదు. వ్యక్తిగతంగా నాకు చాలా బాధగా ఉంది. నీలాంటి పనిమంతురాలు మళ్లీ దొరకదు. కానీ నీ పోస్టు సరెండర్ చేస్తే అది రెండో పొదుపు కింద వస్తుంది. నేనేం చెయ్యను? రాష్ట్రస్థాయి."

ఆయన నిజంగానే బాధపడ్డారు. అదొక్కటీ నూకరత్నాన్ని ఇంకా మండించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, జాలిపడే మనిషినేం చేస్తారు?

"ఆ సరెండర్ ఉత్తర్వు కూడా నువ్వే కొట్టిపెట్టాలమ్మా," అన్నారు ఆయన కాస్త మొహమాటంగా. "చేత్తో రాస్తే చెల్లదు. ఇంకెవరికీ టైపింగు రాదు."

నూకరత్నం వచ్చి కుర్చీలో కూర్చుంది. పుల్లంరాజు గారు పక్కన నిలబడి చెప్పారు, ఆవిడ కొట్టింది.

"ఈ కార్యాలయమునందలి ఏకైక కంప్యూటరు ఈ నెల నాలుగవ తేదీ నుండి పనిచేయుట లేనందున, సదరు కంప్యూటరుపై ఆరువందల పన్నెండు ధ్రువపత్రములు తయారుచేసిన ఆపరేటరు శ్రీమతి నూకరత్నం గారికి తగినంత పని లేదని నిర్ధారించడమైనది. కావున నేటి సాయంత్రం అయిదు గంటల నుండి వీరి సేవలు అవసరము లేదు."

తన పేరు దగ్గర కొట్టేటప్పుడు అక్షరాలు మసకబారాయి. ఆవిడకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. తుడుచుకుని ప్రింటు తీసింది.

"మూడు కాపీలమ్మా," అన్నారు పుల్లంరాజు గారు. "ఒకటి నీకు."

మూడు కాపీలు తీసింది. విశ్వంభరరావు గారు సంతకాలు పెట్టారు. గోడ గడియారం అయిదు కొట్టింది.

నూకరత్నం సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పింది. ఆఫీసు ప్రాసెసరు తీసి బల్ల మీద కాగితంలో పెట్టింది. ఆఫీసు ర్యామ్ తీసి దాని పక్కన పెట్టింది. ఆరు స్క్రూలు విప్పి తన బోర్డు తీసుకుని, ఆ ఆరు స్క్రూలూ లెక్కపెట్టి వాటి పక్కన పెట్టింది. బోర్డు చీరకొంగులో చుట్టుకుని లేచింది.

పుల్లంరాజు గారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"ఆగమ్మా. ఆఫీసులోంచి వస్తువు బయటికి వెళ్లాలంటే గేటుపాసు కావాలి. ఏమిటది?"

"నా మదర్‌బోర్డండి. బిల్లు నా పేరు మీదుంది. కావాలంటే మీ రిజిస్టర్లో చూసుకోండి."

ఆయన స్టాకు రిజిస్టరు తెచ్చి చూశారు. బల్లలు, కుర్చీలు, త్రాసు, టేపులు మూడు, ఫస్టు గ్రేడు మదర్‌బోర్డు ఒకటి (అంచులు తొలగించినది), ఉపఉత్పత్తుల పొట్లం ఒకటి. ఇంకో మదర్‌బోర్డు ఎక్కడా లేదు. పుల్లంరాజు గారికి ప్రాణం కుదుటపడింది.

"రిజిస్టర్లో లేదు. లేని వస్తువుకి గేటుపాసు ఎలా ఇస్తాం? వెళ్లమ్మా, వెళ్లు."

ఆవిడ వెళ్లింది.

మర్నాడు పదింటికి సంతరోడ్డు మీద మొదటి లారీ ఆగింది. పదిన్నరకి ఆరయ్యాయి. విశ్వంభరరావు గారు స్వయంగా వచ్చి కంప్యూటరు బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. కామేశం గారు చెవిలో దూది తీసి డబ్బాని ఊపి చూశాడు. లోపల ఏమీ లేదన్నాడు. పుల్లంరాజు గారు ఇద్దరి మధ్యా నిలబడి తృప్తిగా తలూపారు.

"చూశారా అండీ? పనిచేయుట లేదని మనం రాసింది అక్షరాలా నిజం. రేపు ఏ తనిఖీ వాడొచ్చినా భయం లేదు."

"అది సరేనయ్యా, మరి లారీల సంగతి?" అన్నారు విశ్వంభరరావు గారు.

హారన్లు కిటికీలోంచి లోపలికొస్తున్నాయి. ఆ కిటికీలోంచే అవతల జిలానీ కొట్టు కనబడుతోంది. కొట్టు ముందు కొత్తగా చిన్న బల్ల వేసి ఉంది. బల్ల మీద, జిలానీ ఇచ్చిన పాత డబ్బాలో పాత ప్రాసెసరుతో ఆ చిన్న బోర్డు బిగించిన కంప్యూటరు వెలుగుతోంది. దాని ముందు నూకరత్నం కూర్చుని ఎవరిదో పట్టా కాగితం కొడుతోంది. పక్కన నలుగురు నిలబడి ఉన్నారు.

పుల్లంరాజు గారు రోడ్డు దాటి వెళ్లారు. లారీ డ్రైవర్లు ఆయన వెనకే వచ్చి చుట్టూ మూగారు.

"అమ్మాయ్ రత్నం, ఆరు సర్టిఫికెట్లు కొట్టి పెట్టమ్మా. ఆఫీసు పని. అర్జంటు."

"తప్పకుండానండి," అంది నూకరత్నం చేతిలో పని ఆపకుండా. "పేజీకి ఇరవై రూపాయలండి. బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు?"

"ఆఫీసు పేరు మీదే!"

అప్పుడు నూకరత్నం చేతులు ఆపి ఆయన వేపు తిరిగింది. పక్కనే ఉన్న కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమంది.

"ఆఫీసు పేరు మీదంటే మూడు కొటేషన్లుండాలి గదండీ. నాదొకటి రాసిచ్చేస్తాను. ఇంకో రెండు తెచ్చుకోండి. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా టైపింగు లేదు, అమలాపురం వెళ్లాలి. బస్సు పదకొండుకండి."

పుల్లంరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎంతసేపు తుడిచినా ఆ మాటలో తప్పు కనబడలేదు. నిబంధన నిబంధనే. వెనక్కి తిరిగి లారీల వరస వేపు ఓసారి చూసి, ఆఫీసులోకి వెళ్లి గొడుగు తెచ్చుకుని, పదకొండు గంటల బస్సెక్కారు.